హరు ఏడో ఏటి కిమోనో

అమ్మమ్మ రెండు విషయాల్లోనే అబద్ధాలాడేది. ఒకటి వయసు, రెండోది చూపు. వయసు సంగతి పాస్‌పోర్టు ఎప్పుడో బయటపెట్టేసింది కాబట్టి దాన్ని వదిలేసింది. చూపు సంగతి మాత్రం గట్టిగా పట్టుకుని కూర్చుంది. సాయంత్రం టీవీ ముందు కూర్చుని "ఆ కోడలి చీర బాగుందే, అంచు చూడు" అనేది. అప్పటికి సీరియల్ ఆగిపోయి గిన్నెలు తోమే సబ్బు ప్రకటన వస్తుండేది. మనవరాలు నిఖిల "అవునమ్మమ్మా, గిన్నె అంచు చాలా బాగుంది" అనేది. అమ్మమ్మ కాస్త ఆగి, "నేనూ అదే అన్నాను" అనేది.

ఆవిడ పేరు తారాదేవి. ఊరు పాలకొల్లు. భర్త సాంబమూర్తి ఇక్కడ ఓడలు బాగుచేసే యార్డులో ఫిట్టరుగా చేరితే, ఎనభై నాలుగులో ఆయన వెనకే సింగపూర్ వచ్చింది. వచ్చేటప్పుడు కుట్టుమిషను తల ఒకటి విమానంలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందని తాతయ్య చెప్పేవాడు. ఆయన చెప్పినప్పుడల్లా ఆ మిషను బరువు పెరిగేది. మొదట్లో పది కిలోలు, ఆయన పోయే నాటికి పాతిక. కింద కాలితో తొక్కే బల్ల ఇక్కడే పాత సామాన్లవాడి దగ్గర కొన్నారు. వుడ్‌ల్యాండ్స్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో, కారిడార్ వైపు కిటికీ పక్కన ఆ మిషను నలభై ఏళ్ళు నిలబడింది. తెలుగువాళ్ళూ, తమిళవాళ్ళూ, మలయ్ ఆంటీలూ కిటికీ ఊచల్లోంచే బట్ట లోపలికి అందించి, ఊచల్లోంచే కొలతలు చెప్పి వెళ్ళిపోయేవారు.

అమ్మమ్మకి పేరు తెచ్చింది రెడీమేడ్ చీర. ఇక్కడ పుట్టి పెరిగిన ఆడపిల్లలకి చీర కట్టుకోవడం రాదు. పెళ్ళికో, స్కూలు ఫంక్షన్‌కో చీర కట్టాలంటే ఇంట్లో ఏడుపులు. అమ్మమ్మ ఆ చీర తీసుకుని, కుచ్చిళ్ళు మడిచి కుట్టేసి, నడుముకి హుక్కులు పెట్టి, పమిట మడతలు భుజం దగ్గర టాకా వేసి ఇచ్చేది. లంగా తొడుక్కున్నట్టు తొడుక్కుని రెండు హుక్కులు పెట్టుకుంటే అయిపోయేది. చీరకి కత్తెర మాత్రం తగలనిచ్చేది కాదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు కుట్లు విప్పేస్తే మళ్ళీ మామూలు చీరే.

ఇదంతా మొన్న జూన్ దాకా. జూన్‌లో యూ టీ పేటలో ఉండే వర్షిత అనే అమ్మాయి పెళ్ళి జాకెట్టుకి కుడి చెయ్యి ఎడమ పక్కకీ, ఎడమ చెయ్యి కుడి పక్కకీ వేసి కుట్టింది. పెళ్ళికూతురు పీటల మీద చెయ్యి పైకెత్తలేకపోయింది. తలంబ్రాలు పెళ్ళికొడుకు నెత్తిన పడాల్సినవి చొక్కా జేబులో పడ్డాయి. ఆ వీడియో చూసి నిఖిల పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మమ్మ కూతురు వసుంధర నవ్వలేదు. మర్నాడే సెలవు పెట్టి తల్లిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కంటి అడుగున పొర పాడైందనీ, చుట్టూ కనిపిస్తుంది గానీ సరిగ్గా చూసే చోట మసక పడుతుందనీ, అది తిరిగిరాదనీ డాక్టరు చెప్పాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పంచాయితీ జరిగింది.

"మానెయ్యమ్మా. వయసైంది, పరువెందుకు పోగొట్టుకోవడం" అంది వసుంధర.

"పరువు నాది. పోతే నాది పోతుంది, నీకేవిటి?"

అల్లుడు జగన్మోహనరావు నెమ్మదస్తుడు. "అత్తయ్యగారూ, మీరు కుట్టకూడదని కాదండి. ఎవరి శుభకార్యమో పాడైతే మనకే కదా బాధ" అన్నాడు.

అమ్మమ్మకి ఆ మాట తగిలింది. కాసేపు మజ్జిగన్నం కలుపుతూ కూర్చుని, "సరే. ఇంకొక్క తప్పు. ఇంకొక్కటి జరిగితే నేనే మిషను ఇచ్చేస్తాను. అంతదాకా నా జోలికి రాకండి" అంది.

అక్కణ్ణుంచి ఆవిడ తెలివి చూడాలి. తప్పు జరక్కుండా ఉండాలని పనే ఒప్పుకోవడం మానేసింది. చీరలకి ఫాల్ వెయ్యడం, ప్యాంట్ల కింద మడిచి కుట్టడం, అంతే. రోజూ పొద్దున్నే మిషనుకి నూనె వేసేది, తుడిచేది, ఖాళీగా రెండు నిమిషాలు తొక్కేది. "ఏంటమ్మమ్మా, జిమ్‌కి వెళ్తున్నావా?" అనేది నిఖిల. నిఖిల పాలిటెక్నిక్ చదువు మధ్యలో ఆపేసి మాల్‌లో సగ్గుబియ్యం గోళీలు వేసే బబుల్ టీ అమ్ముతోంది. బ్రేక్ తీసుకున్నానంటుంది. ఆ బ్రేక్ మొదలై ఏడాదిన్నర అయింది. అందుకే ఇంట్లో వాళ్ళిద్దరికీ పడుతుంది. ఇద్దరినీ ఎవరూ ఏమీ అడక్కపోతే బాగుండునని ఇద్దరికీ ఉంటుంది.

అక్టోబరు చివర్లో ఒకనాడు తొమ్మిదో అంతస్తు కనాకో కిటికీ దగ్గరికి వచ్చింది. కనాకో జపాన్ అమ్మాయి, వన్-నార్త్‌లో ఏదో ల్యాబ్‌లో పరిశోధన చేస్తుంది. భర్త లేడు, అంటే ఉన్నాడు గానీ ఓసాకాలో విడిగా ఉంటాడు. కూతురు హరుకి ఏడేళ్ళు. హరు స్కూలు యూనిఫాం గౌను అంచులు విప్పి పొడుగు పెంచేది అమ్మమ్మే. కనాకో ఎప్పుడూ ఊచల్లోంచే మాట్లాడి వెళ్ళేది. ఆరోజు మాత్రం లోపలికి వచ్చి, చెప్పులు గుమ్మం బయట ముక్కులు కారిడార్ వైపు తిప్పి పెట్టి, తెల్లకాగితంలో చుట్టిన మూట ఒకటి సోఫా మీద విప్పింది.

ఎర్ర పట్టు కిమోనో. దాని మీద రంగు దారపు బంతులూ, తెల్ల కొంగలూ. కనాకో ఏడేళ్ళప్పుడు కట్టుకున్నదట. కనాకో వాళ్ళ నాయనమ్మ చేత్తో కుట్టిందట.

"నవంబరు పదిహేను మాకు పిల్లల పండగ ఆంటీ" అంది కనాకో. ఇద్దరి మధ్యా నడిచేది మార్కెట్టు ఇంగ్లీషే, కానీ బట్ట సంగతి వస్తే ఇద్దరికీ బాగానే అర్థమయ్యేది. "మూడు, అయిదు, ఏడు. మూడేళ్ళకీ ఏడేళ్ళకీ ఆడపిల్లకి, అయిదేళ్ళకి మగపిల్లాడికి. కిమోనో కట్టి గుడికి తీసుకెళ్తాం. ఇంతవరకూ పిల్లని బతకనిచ్చినందుకు దేవుడికి దండం పెడతాం. ఇంకా చాలాకాలం బతకాలని పొడుగాటి మిఠాయి కర్ర ఇస్తారు."

"ఇక్కడ గుడి ఎక్కడుంది?"

"లేదు. స్టూడియోలో ఫొటో తీయిస్తాను. మా అమ్మ ఫోన్‌లో చూస్తుంది. కానీ నాకు కిమోనో కట్టడం రాదు. మా అమ్మే కట్టేది. మీరు చీర కుట్టి ఇస్తారటగా, అలా దీన్ని చేసివ్వగలరా? హుక్కులు పెట్టి?"

అమ్మమ్మ వేళ్ళు అప్పటికే కిమోనో భుజాల మీద ఉన్నాయి. భుజం దగ్గర ఒక మడత, నడుము దగ్గర ఒక మడత లోపలికి వేసి కుట్టి ఉన్నాయి. వేళ్ళకి అవి తగలగానే ఆవిడ మొహం విప్పారింది. "టక్కులే. మన పరికిణీలకి వేస్తామే, పిల్ల పెరిగేకొద్దీ విప్పుకోడానికి. అచ్చం అవే" అంది నిఖిలతో తెలుగులో.

"హరు మీ పెద్దపిల్లా?" అని అడిగింది కనాకోని. ఊరికే అడిగిన మాట.

"రెండోది" అంది కనాకో. "మొదటిది మియో. దానికి మూడో ఏటి పండగ చేశాం. ఏడోది రాలేదు."

అమ్మమ్మ కాగితం మడత పెట్టి, "నేను చేస్తాను. కత్తెర పెట్టను" అంది.

కనాకో వెళ్తూ ఒక చిన్న ఫొటో ఇచ్చింది. ఏడేళ్ళ కనాకో ఆ కిమోనోలో నిలబడి తీయించుకున్నది. "ఇలా ఉండాలి" అంది. అమ్మమ్మ దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది, తల పక్కకి వంచి కంటి చివరి నుంచి చూసింది. "ఆఁ, ఆఁ. తెలిసింది" అంది.

తలుపు మూశాక నిఖిల మొదలుపెట్టింది.

"ఫొటోలో ఏం కనపడింది?"

"పిల్ల."

"ఇంకా?"

"ఎర్ర బట్ట."

"ఇంకా?"

"నీ మొగుడు. వెనకాల నిలబడ్డాడు, పొట్టిగా ఉన్నాడు పాపం."

"అమ్మమ్మా, ఇలా ఇవ్వు. నేను చూసి ఒక్కోటీ చెప్తాను, నువ్వు విను."

"కుట్టు నువ్వు నాకు నేర్పక్కర్లేదు. నువ్వా టీలో గోళీలు కలుపుకో" అని అమ్మమ్మ ఆ ఫొటో తీసి మిషను సొరుగులో పడేసింది.

వసుంధరకి విషయం తెలిసి నెత్తి కొట్టుకుంది. "ఇన్ని నెలలు ఆగి, ఆగి, దీనికా ఒప్పుకున్నావు? పరాయి దేశం వాళ్ళది, పట్టుది, పాతది. ఇందులో ఏదైనా అయితే?"

"అయితే మిషను తీసేస్తానన్నానుగా. మాట మార్చనులే" అంది అమ్మమ్మ. పైకి అలా అంది గానీ, ఆ రాత్రి మూడుసార్లు లేచి ఆ మూట ఉందో లేదో చూసుకుంది. మిషను పోతే పొద్దున్న లేచి ఏం చెయ్యాలో ఆవిడకి నిజంగా తెలీదు. తాతయ్య పోయిన పదకొండో రోజున కూడా ఆవిడ ఎవరిదో జాకెట్టుకి కాజాలు కుడుతూనే కూర్చుంది.

రెండు వారాలు పట్టింది. పొద్దున ఎనిమిది నుంచి పది వరకూ కిటికీలోంచి వెలుతురు బాగా వస్తుంది, ఆ రెండు గంటలే పని. నిఖిల డ్యూటీకి వెళ్ళేముందు పది సూదులకి ఎర్ర దారం ఎక్కించి దిండుకి గుచ్చి పెట్టేది. పొద్దున్నే దిండు చూస్తే ముళ్ళపందిలా ఉందని నిఖిల, మాటలాపి ఎక్కించమని అమ్మమ్మ. మిషను మీద కుట్టింది తక్కువే. అంతా చేతి కుట్టు. వేలితో తడుముతూ, గోటితో దూరం కొలుస్తూ, పట్టుకి దెబ్బ తగలకుండా సన్నటి పట్టీ మీద హుక్కులు కుట్టి, ఆ పట్టీని కిమోనో లోపలి వైపుకి టాకాలు వేసింది. పదకొండు హుక్కులు. పైకి ఒక్క కుట్టు కనపడదు. నడుముకి కట్టే వెడల్పాటి పట్టీని ముడితో సహా సిద్ధంగా చేసి పెట్టింది.

ఏ పక్క పైకి రావాలన్నది ఆవిడకి అసలు ప్రశ్నే కాలేదు. పదిహేనేళ్ళప్పుడు పాలకొల్లులో నూకరాజు మాస్టారి దగ్గర కుట్టు నేర్చుకున్న మొదటి రోజు పాఠమే అది. ఆడవాళ్ళ బట్టకి కుడి పక్క పైకి, ఎడమ పక్క లోపలికి. మగాడి చొక్కాకి ఎడమ పక్క పైకి. తిరగేస్తే స్కేలుతో మెటికల మీద కొట్టేవాడు. యాభై ఎనిమిదేళ్ళలో కొన్ని వేల జాకెట్లు అలాగే కుట్టింది. కిమోనో కూడా అలాగే కుట్టింది.

అయిపోయిన రోజున ఆవిడ సంతోషం పట్టలేకపోయారు ఇంట్లోవాళ్ళు. వసుంధరని పిలిచి లోపలి కుట్టు తిప్పి చూపించింది. వసుంధర వేలితో రాసి చూసి, ఒప్పుకోక తప్పలేదు. "బాగుందమ్మా" అంది.

"బాగుందనడం కాదు. చేతులు ఇటు అటు అయ్యాయా?"

"లేదు."

"మరి?"

"సరే, ఉండనీ నీ మిషను."

పదిహేనో తారీకు శనివారం. వసుంధర, జగన్మోహనరావు యూ టీలో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్ళారు. స్టూడియో టైము పదకొండున్నర అని కనాకో పదింటికే హరుని తీసుకుని కిందకి దిగింది. హరు జుట్టు ముడేసి, పూలు పెట్టి ఉంది. ఆ పిల్ల ఎప్పుడూ కుదురుగా ఉండే మనిషి కాదు, అడ్డంగా పరిగెత్తే మనిషి, ఆరోజు మాత్రం జుట్టు చెదురుతుందని తల కదపకుండా నడిచింది.

కనాకో బయట హాల్లో తల్లికి ఫోన్ కలుపుతోంది. అమ్మమ్మ హరుని గదిలోకి తీసుకెళ్ళి, తెల్లటి లోపలి బట్ట మీద కిమోనో తొడిగి, మోకాళ్ళ మీద కూర్చుని హుక్కులు పెట్టడం మొదలుపెట్టింది.

"బిగుతుగా ఉందా?"

"నాట్ టైట్ లా, అమ్మమ్మా" అంది హరు. నిఖిల పిలుస్తుంటే విని ఆ పిల్లకీ అదే అలవాటైంది. "హౌ మెనీ మోర్?"

"నాలుగు. ఊపిరి పీల్చు."

"ఐ బ్రీథింగ్ ఆల్రెడీ."

నడుము పట్టీ పెట్టి, ముడి సరిచేసి, అమ్మమ్మ రెండడుగులు వెనక్కి జరిగింది. చూపు మధ్యలో మసక, ఆ మసక చుట్టూ ఎరుపు. ఆవిడకి అంతే కనపడింది, అది చాలు. "నిఖిలా, పిలవ్వే" అంది.

కనాకో ఫోన్ ముందుకి పట్టుకుని గదిలోకి వచ్చింది. ఫోన్‌లో పెద్దావిడ, కనాకో వాళ్ళమ్మ, నవ్వుతూ ఏదో అంటోంది. హరు చేతులు రెండూ చాపి నిలబడింది.

ఫోన్‌లో నవ్వు ఆగిపోయింది. పెద్దావిడ చాలా నెమ్మదిగా ఒక్క మాట అంది. ఆ తర్వాత ఫోన్‌లో పైకప్పు కనపడింది, ఆమె అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోయింది.

కనాకో కూతురిని చూసింది. ఫోన్ మంచం మీద బోర్లా పెట్టింది. హరుని వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి రమ్మంది, బట్టల మీద పోసుకోవద్దంది. నిఖిల ఆ పిల్లని తీసుకెళ్ళి, గ్లాసు చేతికిచ్చి, తిరిగి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమైందమ్మా? టక్కు విడిందా?" అని అడిగింది అమ్మమ్మ.

"లేదు ఆంటీ. చాలా బాగా కుట్టారు." కనాకో గొంతులో ఏ ఎత్తూ పల్లమూ లేదు. "మాలో ఎడమ పక్క పైకి రావాలి. ఆడైనా మగైనా. కుడి పక్క పైకి వేసేది ఒక్కసారే. పోయాక. దహనానికి తీసుకెళ్ళేటప్పుడు."



"మియోకి అలా కట్టింది మా అమ్మే" అంది కనాకో.

మంచం అంచు ఎక్కడుందో చేత్తో వెతుక్కుని అమ్మమ్మ కూర్చుంది. ఎవరూ ఇంకేమీ వివరించక్కర్లేకపోయింది. తాతయ్యకి కర్మ చేసింది అల్లుడే. ప్రతి పిండానికీ ముందు పంతులుగారు "అపసవ్యం" అనగానే జగన్మోహనరావు కండువా ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకున్నాడు. పదకొండు రోజులూ ఆవిడ అది చూసింది. శుభానికి ఒక భుజం, చావుకి ఒక భుజం. ఆ సంగతి తెలిసిన మనిషి, ఏడేళ్ళు బతికినందుకు దండం పెట్టుకునే రోజున ఆ పసిదానికి చావు బట్ట కట్టింది.

"విప్పేస్తాను" అంది అమ్మమ్మ. "హుక్కులు అటు మార్చేస్తాను. గంట టైముంది. నిఖిలా, దారం ఎక్కించు."

హరుకి కిమోనో విప్పి, ఆ పిల్లని వంటింట్లో బిస్కెట్ల దగ్గర కూర్చోబెట్టారు. అమ్మమ్మ కిటికీ దగ్గర కూర్చుని పట్టీ తిరగేసింది. ఎరుపు మీద ఎర్ర దారం. కనపడకూడదని అంత సన్నగా వేసిన కుట్లు ఇప్పుడు ఆవిడకే దొరకలేదు. సూది మొనతో గీరింది. గోటితో వెతికింది. ఒక హుక్కు ఊడింది, దానితోపాటు పట్టు పోగు ఒకటి లేచి వచ్చింది. అక్కడ వేలు పెట్టి రాస్తూ ఉండిపోయింది.

నిఖిల ఆవిడ చేతిలోంచి సూది తీసుకుంది. ఫోన్ లైటు వేసుకుని ఒక్కో కుట్టూ తెంపింది. జోకులేమీ వెయ్యలేదు. పదకొండు హుక్కులూ ఊడదీసేసరికి గంటలో సగం అయిపోయింది.

"మళ్ళీ కుట్టడానికి టైం లేదు ఆంటీ" అంది కనాకో. "తాళ్ళతో కడతాను."

"నీకు రాదన్నావుగా."

అప్పుడే మంచం మీద ఫోన్ మోగింది. కనాకో వాళ్ళమ్మే. మొహం కడుక్కుని వచ్చినట్టుంది. అమ్మమ్మ వైపు తల వంచింది, అమ్మమ్మ దండం పెట్టింది. ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు. పెద్దావిడ ఫోన్‌లోంచి ఒక్కో పనీ చెబుతూ ఉంటే కనాకో కట్టింది. కుడి పక్క లోపలికి, ఎడమ పక్క పైకి, తాడు నడుము చుట్టూ, మడత కిందికి లాగి, మళ్ళీ తాడు. రెండుసార్లు వదులైంది, రెండుసార్లు మొదటి నుంచి కట్టారు. తాడు కొస పట్టుకోమని కనాకో చెబితే అమ్మమ్మ పట్టుకుంది. వదలమంటే వదిలింది. నడుము పట్టీ, ముడి మాత్రం అమ్మమ్మ చేసినవే పెట్టారు.

పదకొండుంపావుకి తల్లీకూతుళ్ళు లిఫ్టు ఎక్కారు. హరు లోపల్నుంచి చెయ్యి ఊపింది. కనాకో తలుపు మూసుకునే లోపు రెండుసార్లు తల వంచి థ్యాంక్స్ చెప్పింది. ఎంత మర్యాదగా చెప్పిందంటే, ఆ మర్యాద మోయలేక అమ్మమ్మ గోడ పట్టుకుంది.

ఇంట్లోకి వచ్చాక నిఖిల హుక్కులన్నీ ఏరి డబ్బాలో వేసింది. ఆ మాట నిఖిలే ముందు ఎత్తింది.

"అమ్మకి చెప్పక్కర్లేదు."

అమ్మమ్మ సూదుల దిండు తీసి పక్కన పెట్టింది.

"కంటి తప్పు కాదుగా ఇది. వాళ్ళ ఆచారం నీకెలా తెలుస్తుంది? ఎవరైనా అలాగే కుడతారు. నూకరాజు మాస్టారైనా అంతే."

"సొరుగులో ఫొటో తియ్యి."

"ఎందుకు ఇప్పుడు?"

"తియ్యవే."

నిఖిల తీసింది.

"ఏ పక్క పైన ఉంది?"

నిఖిల ఫొటో వంక చూసింది. పట్టి చూడక్కర్లేకుండానే తెలుస్తోంది, తెల్లటి మెడపట్టీ ఎడమ భుజం మీంచి దిగి పైనుంచి వెళ్ళింది, ఎరుపు మీద గీత గీసినట్టుంది. "పాత ఫొటో కదమ్మమ్మా, అంతా మసగ్గా ఉంది" అంది.

"నీకు అబద్ధం చేతకాదే. మీ తాత పోలిక."

"ఎడమ" అంది నిఖిల.

"కనపడుతోందా బాగా?"

"కనపడుతోంది."

"నువ్వు చెప్తానంటే నేనే వద్దన్నాను" అంది అమ్మమ్మ. మధ్యాహ్నం అన్నం తినలేదు. నిఖిల పెరుగన్నం కలిపి తెస్తే రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టింది. నిఖిల షాపుకి ఫోన్ చేసి ఒంట్లో బాగోలేదని చెప్పింది. సాయంత్రం దాకా ఇద్దరూ టీవీ పెట్టుకోకుండా కూర్చున్నారు.

సాయంత్రం వసుంధర గృహప్రవేశం స్వీటు డబ్బాతో లోపలికి వస్తూనే "ఎలా జరిగింది?" అంది.

అమ్మమ్మ అంతా చెప్పింది. ఫోన్‌లో పెద్దావిడ లేచి వెళ్ళిపోవడం చెప్పింది, హుక్కులు ఊడదియ్యడం చెప్పింది, పట్టు పోగు లేచిందని చెప్పింది, ఫొటో సంగతి ఆఖర్న చెప్పింది. నిఖిల మధ్యలో రెండుసార్లు అడ్డం వచ్చింది, రెండుసార్లూ అమ్మమ్మ చెయ్యెత్తి ఆపింది.

వసుంధర డబ్బా ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. అయిదు నెలలుగా ఆమె అడుగుతున్నది ఇదే. తీరా వచ్చేసరికి ఆమె మొహంలో ఆ సంతోషమేదీ లేదు. "ఇప్పుడే ఎందుకులే అమ్మా. చూద్దాం. చిన్న చిన్నవి చేసుకో" అంది.

"ఒక్క తప్పు అన్నాను."

"అన్నావు, సరే. ఎవరు రాసుకున్నారు?"

"ఆ పిల్ల నా ముందు చేతులు చాపుకుని నిలబడింది వసూ. నాకు ఎరుపు తప్ప ఏమీ కనపడలేదు. బాగుందనుకున్నాను." అమ్మమ్మ గొంతు మారలేదు. "సెల్వికి ఫోన్ చెయ్యి. మిషను అడుగుతూ ఉండేది."

సెల్వి మార్సిలింగ్‌లో ఉండే తమిళమ్మాయి, అమ్మమ్మ దగ్గరే కుట్టు నేర్చుకుంది. ఫోన్ చెయ్యడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు. నాలుగు రోజులు చూసి అమ్మమ్మే చేసింది. ఆదివారం సెల్వి, వాళ్ళాయన వచ్చారు. సెల్వి మిషను ముందు కూర్చోకుండా నిలబడే ఉంటే, "కూర్చుని తొక్కి చూసుకో, తర్వాత నన్ననకు" అని అమ్మమ్మే కూర్చోబెట్టింది. బల్ల తలుపులోంచి పట్టలేదు, అడ్డం తిప్పి తీసుకెళ్ళారు. కిటికీ కింద నేల మీద నాలుగు కాళ్ళ చోటా నాలుగు తెల్ల మచ్చలు మిగిలాయి. జగన్మోహనరావు అక్కడ మొక్క పెడదామన్నాడు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి ఊరుకున్నాడు.

ఇంక మిగిలింది ఆది జాకెట్ల సంచి. కొలత కోసమని ఆడవాళ్ళు ఇచ్చి, మళ్ళీ మళ్ళీ కుట్టించుకుంటాం కదా అని అమ్మమ్మ దగ్గరే వదిలేసినవి. ముప్పై నాలుగు ఉన్నాయి. అమ్మమ్మ ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని, చంక కుట్టు, మెడ లోతు తడిమి పేరు చెప్పింది. నిఖిల కాగితం ముక్క మీద రాసి పిన్ను పెట్టింది. లీలావతి. ఆస్ట్రేలియా వెళ్ళిపోయింది. ఇది పెద్ద బ్యాంకు ఆవిడది, పోయింది పాపం. ఇది వాళ్ళ కోడలిది. నిఖిల ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. కొందరి నంబర్లు పని చెయ్యలేదు. కొందరు పారెయ్యమన్నారు, ఇప్పుడు అందులో ఎక్కడ పడతామన్నారు. వచ్చి తీసుకున్నవాళ్ళు తొమ్మిది మంది.

ఆఖర్న వచ్చింది సూరమ్మగారు. ముప్పై ఏళ్ళుగా కుట్టించుకున్న మనిషి. అలవాటుగా కిటికీ దగ్గరే నిలబడి ఊచల్లోంచి లోపలికి చూసింది. నిఖిల తలుపు తీసి లోపలికి రమ్మంది.

"మానేశారటగా పిన్నిగారూ" అంది సూరమ్మగారు టీ తాగుతూ.

"మానేశానమ్మా. కళ్ళు."

"అవునవును, వయసు. మా ఆడపడుచు కూతురి పెళ్ళి జనవరిలో. మూడు జాకెట్లు ఉన్నాయి. ఎవరైనా మంచివాళ్ళు తెలుసా?"

అమ్మమ్మ సెల్వి చిరునామా చెప్పింది, నిఖిల రాసిచ్చింది. మార్సిలింగ్, బ్లాకు నంబరు, మూడో అంతస్తు, లిఫ్టు పక్కనే.

"చంకలో కొంచెం వదులు పెట్టమని చెప్పు" అంది అమ్మమ్మ. "నీకు కుడి చెయ్యి లావు. ఆ అమ్మాయికి తెలీదు, చెబితేనే తెలుస్తుంది."

సూరమ్మగారు ఆ చీటీ, ఆది జాకెట్టు సంచిలో పెట్టుకుని, టీ బాగుందని చెప్పి వెళ్ళింది.